కారుకి తలంటు

పెళ్ళయిన పదో రోజుకే అనితకి తెలిసిపోయింది, ఆ ఇంట్లో తను రెండోదాన్నని. మొదటిది వాకిట్లో రేకుల పందిరి కింద నిలబడి ఉంది. దానిమ్మ గింజ రంగు మారుతి కారు. అప్పటికి ఎనిమిదేళ్ళది. పలాసలో ఒక డాక్టరు గారు వాడుకుని వదిలేస్తే, అనిత మొగుడు మురళీమోహన్ మూడేళ్ళ కిందట తెచ్చుకుని, అప్పట్నుంచి దానికి సేవ చేసుకుంటున్నాడు.

మురళికి కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూతూ, జెరాక్సు మిషనూ ఉన్నాయి. అది రెండువేల నాలుగో సంవత్సరం. సెల్‌ఫోన్లు వచ్చిపడి బూతుకి జనం తగ్గిపోతున్నారు. మురళికి ఆ బెంగ పెద్దగా లేదు. అతని బెంగంతా పలాస గాలి మీదే. జీడిపిక్కలు కాల్చే బట్టీల పొగ జిడ్డు జిడ్డుగా వచ్చి కారు మీద వాలుతుంది. ఆదివారం తెల్లారేసరికి లుంగీ ఎగ్గట్టి, ఎర్ర బకెట్టు ఒక చేత్తో, నీలం బకెట్టు ఇంకో చేత్తో పట్టుకుని దిగాడంటే, ఎండెక్కే దాకా మనిషి దొరకడు.

ముందు ఉత్త నీళ్ళు పొయ్యాలి. దుమ్ము దానంతటది జారిపోవాలి. దుమ్ముండగా గుడ్డ పెట్టి రుద్దావంటే, అది కడగడం కాదు, గరుకు కాయితంతో గీకడం. ఈ సంగతి వినేవాళ్ళెవరైనా దొరికితే వాళ్ళకి చెప్పేవాడు, దొరక్కపోతే అనితకి చెప్పేవాడు. ఎర్ర బకెట్లో షాంపూ నీళ్ళు, నీలం బకెట్లో మంచినీళ్ళు. గుడ్డని షాంపూలో ముంచే ముందు ప్రతిసారీ మంచినీళ్ళలో జాడించాలి. పైనుంచి కిందకి రావాలి గానీ కిందనుంచి పైకి పోకూడదు. చక్రాల గుడ్డ వేరు. అది పొరపాటున తలుపు మీదకొచ్చిందంటే ఆ పూట ఇంట్లో మాటలుండవు. బట్టల సబ్బు పొడి పేరెత్తితే చెవులు మూసుకునేవాడు, అది మురికితో పాటు పాలిష్‌ని కూడా లాక్కుపోతుందని. ఆఖర్న పసుపుపచ్చ మెత్తగుడ్డతో తడి అద్ది, నెలకోసారి విశాఖపట్నం నుంచి తెప్పించిన పాలిష్ డబ్బా తీసి, గోరంత గోరంత పూసి గుండ్రంగా తిప్పేవాడు. అంత మెల్లగా అతను పెళ్ళాం చెయ్యి కూడా పట్టుకున్నట్టు అనితకి గుర్తులేదు.

అయినా ఆమె కోప్పడలేదు. కారుకి పేరు పెట్టింది. ఆ పక్కల అక్కని అప్ప అంటారు. సవతిని అక్కా అని పిలవడం మర్యాదే కదా! "అప్పకి తానం అయ్యిందా బావా? ఇంక టిఫిను తింటావేటి?" అని వంటింట్లోంచి అడిగేది. మురళి వరసకి ఆమెకి బావే, దూరపు మేనత్త కొడుకు.

చిక్కు వేరే చోట వచ్చింది. మూడు నెలలయినా అతను అత్తవారింటికి మళ్ళీ వెళ్ళలేదు. అత్తవారిది భావనపాడు, సముద్రం ఒడ్డు. బస్సు మీద వెళ్తే కొత్త అల్లుడికి నామోషీ. కారు మీద వెళ్తే కారుకి ఉప్పుగాలి. ఈ రెండింటి మధ్యా పడి ప్రతి వారం ఏదో ఒక వంక వెతికేవాడు.

"ఉప్పుగాలికి రేకు తుప్పు పట్టీసుద్ది అనితా. నీకు తెల్దు."

"నాను ఆ గాలిలోనే పుట్టేను. ఇరవై ఏళ్ళు పెరిగేను. తుప్పట్టేనేటి?" అంది అనిత.

 శనివారం బయల్దేరదామన్నాడు మురళి.

బయల్దేరే ముందు అనిత అతన్ని మంచం మీద కూర్చోబెట్టి తను ఎదురుగా నిలబడింది. "బావా, ఓ మాట సెప్తాను, సెవినెట్టుకో. ఈ పెళ్ళికి మా అయ్య ముందు ఒప్పుకోలేదు. మీ తాత మా ఊల్లోనే వల లాగేడు గానీ, మీ నాన్న జీడి బట్టీ పనికని పలాస ఎలిపోయేడు, ఆల గుంటడు మన వాసనకి ముక్కు మూసుకుంతాడు అన్నాడు. అలాటోడు కాదయ్యా అని నాను పూసీ పడ్డాను. అంచేత ఈ రెండ్రోజులూ మా ఇంటికాడ కారని ఒక్క మాట ఎత్తకూడదు. కంపని అనకూడదు. మా అయ్య కాడ నా తల దించావనుకో, నువ్వూ నీ అప్పా ఎలిపొచ్చీండి. నాను అక్కడే ఉండిపోతాను."

నవ్వుతూ చెప్పిందేమో అని మురళి ఆమె మొహంలోకి చూశాడు. నవ్వడం లేదు.

"కారు మీద ఒట్టు," అన్నాడు.

తన మీద వేయించుకునే ఒట్టు కంటే అదే గట్టిదని అనితకి తెలుసు. సరేనంది.

టెక్కలి దాటి నౌపడ ఉప్పుమళ్ళ పక్కకి వచ్చేసరికి మురళి కిటికీ అద్దాలు ఎత్తేశాడు. ఎత్తింది ఎవరి కోసమో అనిత అడగలేదు. అడగకపోయినా, "నీ జుట్టు రేగిపోతందని" అన్నాడు.

భావనపాడులో కారు ఆగీ ఆగకముందే వీధి వీధంతా వచ్చి చుట్టూ చేరింది. పిల్లల బెల్లం చేతులు తలుపుల మీద పడ్డాయి. ఎవరో ముసలమ్మ ఎండు నెత్తళ్ళ చేపల బుట్ట నెత్తిన మొయ్యలేక కాసేపని బానెట్టు మీద దించుకుంది. అత్తగారు కామాక్షమ్మ అల్లుడికీ కూతురికీ దిష్టి తీసి, కారుని మాత్రం ఎందుకు వదలాలని దాని నుదుటికి కూడా ఇంత కుంకం పులిమింది. మురళి అన్నింటికీ నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు ఎక్కడ జారిపోతుందోనని దవడలు నొప్పి పుట్టేలా పట్టుకున్నాడు. అనిత ఓరకంట చూసి, తల్లి చాటున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మామగారు పోలారావు సముద్రం నుంచి అప్పుడే వచ్చాడు. ఆజానుబాహువు. మాట తక్కువ, గొంతు పెద్దది. కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నావ చెక్కని చూసినట్టు వేలి కణుపుతో రేకు మీద రెండుసార్లు కొట్టి విన్నాడు.

"రేకు పల్సనండి అల్లుడుగోరూ. ఉప్పు తినకుండా దీనికి ఏటి పూత్తారు?"

మురళి నోట్లో పావుగంట ఉపన్యాసం తయారుగా ఉంది. పాలిష్ అంటే ఏమిటి, ఎన్ని పూతలు, ఏ గుడ్డ, నీడ ఎందుకు, అన్నీ. అనిత వైపు చూశాడు. ఆమె కళ్ళు ఒట్టుని గుర్తుచేశాయి. ఉపన్యాసం మొత్తం మింగేసి, "ఏదోలే మావా, మైనం లాటిది," అన్నాడు.

"మైనమా? మైనం ఎండకి కారిపోదేటి?"

"పోతాదేమో మావా."

పోలారావు అల్లుడి మొహం కేసి చూసి, కారు కేసి చూసి, అయ్యో పాపం అన్నట్టు తల ఊపాడు. ఆ ఊపుని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం కోనెం చేప పులుసూ, సొరచేప పిట్టూ పెట్టారు. నిజం చెప్పాలంటే మురళి అంత తృప్తిగా అన్నం తిని చాలా కాలమైంది. సాయంత్రం పోలారావు అతన్ని ఒడ్డుకి తీసుకెళ్ళి, ఇసకలో కర్రల మీద నిలబెట్టిన కొత్త నావని చూపించాడు. వడ్రంగి పని అయిపోయింది. వచ్చే పున్నానికి నీట్లో దింపుతానని చెప్పాడు. చెక్కని అరచేత్తో నిమురుతూ చెబుతుంటే మురళికి అది ఎక్కడో చూసిన నిమురుడులా అనిపించింది. తనూ అలాగే నిమురుతాడని అతనికి తోచలేదు.

తిరిగొచ్చేసరికి కామాక్షమ్మ అరుగు మీద కూర్చుని కుంకుడుకాయలు కొట్టి పెద్ద గుండిగలో నానబెడుతోంది. పది తలలకి చాలేన్ని ఉన్నాయి. "రేపు పొద్దున్న కొత్త అల్లుడికి తలంటు," అంది.

తెల్లారి మురళిని లేపింది కోడి కాదు, వాసన. ఏ వాసనో తెలియక, ఊరి వాసనే అయ్యుంటుందనుకుని, ఒట్టు గుర్తు తెచ్చుకుని ముక్కు చిట్లించకుండానే వాకిట్లోకొచ్చాడు.

కారు మెరుస్తోంది. మామూలుగా కాదు. మూడేళ్ళుగా గోరంత గోరంత పూసినా రాని మెరుపు. దానిమ్మ గింజలు ఒలిచి తడిపినట్టుంది. ఒక్క క్షణం మురళికి ప్రాణం లేచొచ్చింది. అంతలో గాలి ఇటు తిరిగింది.  చక్రాల దగ్గర ఏడు పిల్లులు ఉన్నాయి. ఒకటి చక్రాన్ని నాకుతోంది. పైన రెండు కాకులు జారిపోతూ మళ్ళీ ఎక్కుతున్నాయి. ఈగల లెక్క తియ్యడం అనవసరం.

పక్కన పోలారావు పాత వలగుడ్డ ఒక చేత్తో, ఖాళీ డబ్బా ఇంకో చేత్తో పట్టుకుని, మంచి పని ముగించిన మనిషిలా నిలబడి ఉన్నాడు.

"సొర నూనె అల్లుడుగోరూ. తెల్లారగట్ల లెగిసి పట్టించేను. కిందకి దూరి అడుగు కూడా పూసేను. ఇంక రెండేళ్ళు ఉప్పు దీని జోలికి రాదు. మైనాలు గియినాలు మీకేల? కొత్త అల్లుడి తలకి నూనెట్టి, అల్లుడి బండికి ఎట్టకపోతే తప్పు కాదేటి?"

"బాగుంది మావా," అన్నాడు మురళి. ఆ మాట నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే అతను మహానుభావుడే. ఆగలేదు. తిన్నగా పెరట్లోకి నడిచాడు. నూతి దగ్గర అనిత బిందె తోముతోంది. ఆమె ముందుకెళ్ళి నిలబడగానే నోటికి పెట్టుకున్న కట్ట తెగిపోయింది.

"సూసేవా మీ అయ్య సేసిన పని? బుద్ధున్నోడెవడైనా కారుకి సేపల నూనె పూత్తాడా? జన్మలో పోద్దా ఈ కంపు? అసలు ఈ కంపులో మీరెలాగ బతుకుతున్నారో నాకు..."

అనిత అతని కేసి చూడడం లేదు. అతని భుజం మీదుగా వెనక్కి చూస్తోంది.

మురళి తిరిగాడు. పోలారావు నిలబడి ఉన్నాడు. అల్లుడికని తుంపి, చివర సాపు చేసి తెచ్చిన వేపపుల్ల చేతిలో ఉంది. దాన్ని నూతి గట్టు మీద పెట్టాడు.

"కడిగీద్దాం లెండి అల్లుడుగోరూ," అన్నాడు. గొంతు అంత పెద్దగా లేదు. "ఎండెక్కితే అంటుకుపోద్ది. ముందే కడిగీత్తే పోద్ది." అని వెళ్ళిపోయాడు.

మురళికి తల కొట్టేసినట్టయింది. అనిత తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. బిందె బోర్లించి, చేతులు కడుక్కుని లోపలికెళ్ళింది. అతను వెనకాలే గుమ్మం దాకా వెళ్ళాడు. ఆమె నిన్న తెచ్చుకున్న సంచీ విప్పి, చీరలు ఒక్కొక్కటే తీసి దండెం మీద వేసుకుంటోంది. ఊరెళ్ళే మనిషి చీరలు సంచీలో ఉంటాయి. దండెం మీద ఉండేవి ఉండిపోయే మనిషివి. 

కామాక్షమ్మకి ఈ గొడవ తెలియదు. పొయ్యి ఊదుకుంటూ సంబరంగా అంది: "ఆ డబ్బాడు నూనె కొత్త నావకని మీ మావ రెండేళ్ళ నుండి దాసుకున్నాడు బాబూ. ఇప్పుడు పెద్ద సొరలెక్కడ పడతన్నాయి? ఓ సుక్క ఎవులికీ ఇచ్చీవోడు కాదు. రాత్రి నాను అడిగేను, మరి నావకేటి సేత్తావని. ముందు మా అల్లుడు బండి, నావ సంగతి తరవాత సూద్దాం అన్నాడు."

మురళి అక్కడ నిలబడలేకపోయాడు. వాకిట్లోకి దాదాపు పరిగెత్తాడు.

పోలారావు అప్పటికే మొదలుపెట్టేశాడు. పక్కన పళ్ళెంలో తడి ఇసకా బూడిదా కలిపి ఉన్నాయి. చేతిలో కొబ్బరి పీచు. ఏళ్ళ తరబడి నావ అడుగున పట్టిన నాచుని ఎలా వదిలిస్తాడో అలాగే, బానెట్టు మీద వంగి, బలమంతా పెట్టి తోముతున్నాడు. గర్రు గర్రున శబ్దం వస్తోంది. పీచు నడిచిన మేర జానెడు వెడల్పున అర్ధచంద్రాకారంలో గీతలు పడ్డాయి. దానిమ్మ రంగులోంచి తెల్లగా కనిపిస్తున్నాయి.

ఆగు మావా అంటే చాలు. ఆ రెండు మాటలూ మురళి పళ్ళ దాకా వచ్చాయి. కానీ ఆ పొద్దుటికి అతని మాటల కోటా అయిపోయింది. ఉన్న నూనెంతా ఇచ్చిన మనిషిని ఒకసారి కంపన్నాడు. ఇప్పుడు నీకు కడగడం కూడా రాదనాలి. పోలారావు తలెత్తలేదు. పని వేగంగా ముగించేసి ఈ అవమానాన్ని కడిగేసుకుందామన్నట్టు తోముతున్నాడు. అతని మెడ మీద చెమట కారుతోంది. మురళికి మూడేళ్ళ ఆదివారాలు గుర్తొచ్చాయి. దండెం మీది చీరలు కూడా గుర్తొచ్చాయి. నిజంగా ఏడుపొచ్చింది.

వంగి పళ్ళెం పక్కనుంచి ఇంత పీచు తీసుకున్నాడు. ఇసకలో అద్దాడు. రెండో వైపు తలుపు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"ఇటేపు నాను తోముతాను మావా," అన్నాడు. గుండె రాయి చేసుకుని, కళ్ళు మూసుకుని, పీచు తలుపుకి ఆనించి ఒక్కసారి రుద్దాడు.

"ఓలమ్మో! ఆపండి! ఇద్దరూ ఆపండి!"

అనిత గుమ్మంలో ఉంది. ఎంతసేపట్నుంచి చూస్తోందో. చెంగు బిగించి ఒక్క అంగలో వచ్చి, ముందు మొగుడి చేతిలో పీచు లాక్కుని విసిరేసింది, తర్వాత తండ్రి చేతిలోది.

"ఇసకెట్టి తోముతారేటయ్యా? ఇది నావ కాదు. దుమ్ము మీద ఉత్త గుడ్డెట్టి రుద్దితేనే గరుకు కాయితంతో గీకినట్టు! మూణ్నెల్ల నుండి ఇనీ ఇనీ సెవులు సిల్లులడిపోయేయి నాకు. బావా, నీకేటి బుర్ర పోయిందా? నీ సేత్తో నువ్వే గీకుతావా దాన్ని?"

మురళి తలెత్తి చూశాడు. "మావ ఒక్కడే సేత్తన్నాడని," అన్నాడు.

అనిత అతని మొహం కేసి కొంచెం ఎక్కువసేపే చూసింది. ఆ తర్వాత లోపలికెళ్ళి, కొత్త అల్లుడి తలంటుకని నానబెట్టిన కుంకుడుకాయల గుండిగని ఎత్తుకొచ్చింది.

"జిడ్డు తలకి ఏటి రుద్దుతాం? ఇదే గదా. సబ్బు పొడైతే పాలిష్ కూడా లాక్కుపోద్ది. అయ్యా, నువ్వు నీలు తోడు. రెండు గంగాళాలు కావాల, ఒకటి రసానికి, ఒకటి జాడించడానికి. అమ్మా, నీ పాత నూలు సీర ఒకటి సింపియ్యి. బావా, కాకుల్ని తోలు. పైనుండి కిందకి రా. నీకు కూడా నానే సెప్పాలేటి?"

సముద్రంలో పదిమంది మీద కేకలేసే పోలారావు మారుమాట లేకుండా నీళ్ళు తోడాడు. ముందు ఉత్త నీళ్ళు పోసి ఇసకంతా జారనిచ్చారు. తర్వాత అనిత కుంకుడు పులుసుని గుప్పెళ్ళతో పిసికి పైకప్పు మీద పోస్తుంటే నురగ లేచింది. ముసలమ్మలు నెత్తళ్ళ బుట్టలు దించి చూస్తూ నిలబడ్డారు. తలుపు సందుల్లో ఇరుక్కున్న జిడ్డుకి కామాక్షమ్మ శనగపిండి తెచ్చి, పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు వేళ్ళతో మెల్లగా అద్దింది. పక్కింటి అసిరయ్య బీడీ వెలిగించుకుని, "ఏటి పోలారావూ, తలంటు అల్లుడికన్నావు, బండికి సేత్తన్నావేటి?" అని అడిగాడు. వీధంతా నవ్వింది. మురళి కూడా నవ్వాడు. ఈసారి దవడలు పట్టుకోవలసిన పని పడలేదు.

మూడుసార్లు కుంకుడు, మూడుసార్లు మంచినీళ్ళు అయ్యాక పిల్లులు ఆశ వదులుకుని వెళ్ళిపోయాయి. పోలారావు అడుగు భాగం కడగడానికి చెంబు పట్టుకుని వంగబోతే మురళి చెయ్యి పట్టుకున్నాడు.

"కిందది వద్దు మావా. తుప్పు ఎప్పుడూ కిందనుండే పడతాది. నా పాలిష్ అక్కడికి పోదు. నీ నూనె ఉండనీ."

ఉత్తినే మంచి చేసుకోవడానికి చెప్పింది కాదు, అది నిజం. నిజం కాబట్టే పోలారావు మొహం మళ్ళీ విచ్చుకుంది. "అంటే పనికొచ్చినట్టేనా?" అన్నాడు.

"పనికొచ్చింది మావా. పొద్దున్న నోరు జారేను. తప్పయిపోయింది."

పోలారావు బానెట్టు మీది గీతల్ని వేలితో తడిమాడు. "నాను ఇసకతోటి తోమేను, నువ్వు మాటతోటి తోమేవు. సరికి సరి అయిపోయింది లేరా అల్లుడా," అన్నాడు. అప్పటి దాకా ఉన్న ఆ 'గోరు' ఎక్కడ పోయిందో గానీ, మురళికి ఆ 'రా' ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేం.

మర్నాడు అనిత కారెక్కింది. సంచీ వెనక సీట్లో పెట్టింది. మురళి తెరిచి ఉన్న గుమ్మంలోంచి లోపలి దండెం కేసి చూశాడు. ఆకుపచ్చ చీర ఒకటి అక్కడే ఉంది.

"అది మర్సిపోయేవు."

"మర్సిపోలేదు," అంది అనిత. "ఉండనీ. సూద్దాం."

అయ్య పక్కన కూర్చుని అతనూ కారు తోమినందుకు ఆమె వెంట వస్తోంది. నూతి దగ్గర అన్న మాటకి ఆ చీర ఉండిపోయింది. అంతకంటే విడమరిచి ఆమె చెప్పలేదు. అతనికి చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది.

ఆ తర్వాత మూడు ఆదివారాలు కారుకి స్నానం లేదు. కాశీబుగ్గలో అందరూ వింతగా చెప్పుకున్నారు. తెల్లారేసరికి బూతుకి తాళం వేసి మురళి ఎటో వెళ్ళిపోతున్నాడు. మందస వైపన్నారు కొందరు, సోంపేట వైపన్నారు కొందరు. బానెట్టు మీద గీతలు చూసి కార్లకి రంగులు వేసే లోకనాథం, "పావుగంట ఇటివ్వు, మిషనెట్టి మాయం సేసేత్తాను," అన్నా వినలేదు. "ఉండనీలే," అని ముందుకి పోనిచ్చాడు.

పున్నం రోజున నావ దింపడానికి భావనపాడు వెళ్ళారు. కారు ఆగగానే అనిత ముందు దిగింది. పోలారావు ఎదురొచ్చాడు. నావ పసుపూ కుంకం పెట్టుకుని, వేపమండలు కట్టుకుని తయారుగా ఉంది గానీ, చెక్క ఉత్తిగా పొడిపొడిగా కనిపిస్తోంది. మురళి కారు వెనక తలుపు తెరిచాడు. వెనక సీటు మీద, పడిపోకుండా చుట్టూ పసుపుపచ్చ మెత్తగుడ్డ కుక్కి, ఒక పెద్ద డబ్బా నిలబెట్టి ఉంది.

మూత లేవకముందే పోలారావుకి వాసన అందింది. "సొర నూనె! ఎక్కడిదిరా?"

"బారువలో మావా. ఒడ్డంతా తిరిగేను. మూడో వారానికి ఓ ముసలాయన అటక మీంచి దింపి ఇచ్చేడు."

దారిలో గతుకులకి మూత పక్కనుంచి కారి నూనె సీటు మీద చారెడు మేర పాకింది. ఇంకిపోయింది కూడా. ఆ మరక ఏ కుంకుడుకీ వదలదు. కారు లోపల కూర్చున్నవాళ్ళకి అది ఇక ఎప్పటికీ వాసనొస్తూనే ఉంటుంది. పోలారావు దాన్ని చూసి నొచ్చుకుని నాలుక కరుచుకున్నాడు.

"పాడైపోయిందిరా అల్లుడా, నీ బండి."

"ఏటీ అవలేదు మావా. పద, ఎండెక్కకముందే పూసీద్దాం." మురళి లుంగీ ఎగ్గట్టి, వలగుడ్డ తీసుకుని, నావ పక్కన ఇసకలో గొంతుక్కూర్చున్నాడు. మామా అల్లుడూ చెరో వైపునుంచీ మొదలుపెట్టారు. గోరంత గోరంత పూస్తుంటే పోలారావు కసిరాడు, నావకి పిసినారితనం పనికిరాదని.

అనిత కారు దగ్గరే ఉండిపోయింది. తెరిచి ఉన్న తలుపులోంచి ఆ మరకని చూసింది, తర్వాత మోచేతుల దాకా నూనెతో ఉన్న మొగుణ్ణి చూసింది. ఇంట్లోకి వెళ్ళింది. దండెం మీంచి ఆకుపచ్చ చీర తీసి, మడిచి, తెచ్చి ఆ మరక మీద పరిచింది. పరిచాక దాని మీద కూర్చుని, కిటికీ అద్దాలు నాలుగూ కిందకి దించేసింది.